మూడు వైపులా ఆకాశం

మా తాతగారి పొలం దస్తావేజులో హద్దులు చదువుతుంటే ఊరు కళ్లకు కట్టేది. తూర్పున ఫలానావారి చేను, పడమర డొంక, ఉత్తరాన పంటబోదె, దక్షిణాన ఫలానావారి వాములదొడ్డి. పోయినేడాది నేను పేపర్లోంచి కత్తిరించి డైరీలో దాచుకున్న ప్రకటనలో హద్దులు వేరే రకం. ఉత్తరం ఓపెన్ టు స్కై. తూర్పు ఓపెన్ టు స్కై. దక్షిణం ఓపెన్ టు స్కై. పడమర కారిడార్, మెట్లు. మల్కాజిగిరి వైపు ఓ అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో 303వ నంబరు ఫ్లాటది. 1,150 చదరపు అడుగులు. నేల మీద దానికున్న హక్కు 42 చదరపు గజాల అవిభాజ్య వాటా. తక్కిన ఆస్తంతా గాల్లోనే.

మామూలు అమ్మకమైతే ఇంత చెప్పుకోవాల్సిన పని లేదు. అది బ్యాంకు వేలం.

ఇలాంటి ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. లోపలి పేజీల్లో, ఆవగింజంత అక్షరాలతో, గళ్లు గళ్లుగా ఉంటాయి. ఒక గడిలో అప్పు తీసుకున్నవారి పేరు, పక్కగడిలో హామీదారు పేరు, చాలాసార్లు అది భార్య పేరే. ఆ పక్కన ఇంటి నంబరుతో సహా చిరునామా, రావలసిన బాకీ, దాని వెనకాలే ‘తదుపరి వడ్డీ, ఖర్చులు అదనం’ అని ఓ తోక. పూర్వం ఊళ్లో టముకు వేసేవారు. ఇప్పుడు రెండు దినపత్రికల్లో వేయాలి, వాటిలో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. తెలుగులో వేయడం రుణదారు మేలు కోసమో, ఇరుగుపొరుగు సౌకర్యం కోసమో రూలు రాసినవాళ్లకే తెలియాలి.

మాది అద్దె బతుకు. నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. పందొమ్మిదేళ్లలో అయిదిళ్లు మారాం. ఆఖరిసారి ఇంటాయన కొడుకు అమెరికా నుంచి వచ్చేస్తున్నాడని రెండు నెలల్లో ఖాళీ చేయమన్నారు. కొడుకు రాలేదు, అద్దె పెంచి వేరేవాళ్లకిచ్చారు. అప్పట్నుంచీ మా ఆవిడ అటకమీది సామాను విప్పడం మానేసింది. అలాంటి రోజుల్లో స్టాఫ్‌రూములో ఓ సహోద్యోగి, “మాస్టారూ, బ్యాంకు వేలాల్లో చూడండి, బయటకంటే పదిలక్షలు తక్కువకు దొరుకుతాయి” అన్నాడు. ఆయన ఇంతవరకూ ఒక్క వేలంలోనూ కొన్న పాపాన పోలేదని తర్వాత తెలిసింది.

వేలం అన్న మాట పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చిందంటారు. దాన్ని పాట చేసింది మాత్రం మనవాళ్లే. మనం వేలంలో ధర చెప్పం, పాడతాం. ‘చెరువు ఎవరు పాడుకున్నారు?’ అని అడుగుతాం. మా ఊళ్లో గుడి మాన్యం కౌలుకు పాట, చేపల చెరువుకు పాట, రోడ్డుపక్క చింతచెట్ల కాపుకు పాట జరిగేవి. రచ్చబండ మీద నిలబడి ‘ఒకటోసారి, రెండోసారి’ అని సాగదీస్తుంటే, మూడోసారికి ముందు ఆ కాస్త వ్యవధిలో పౌరుషం పొంగుకొచ్చి ఇల్లు గుల్ల చేసుకున్నవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. బాలాపూర్ గణపతి లడ్డూ సంగతి అందరికీ తెలిసిందే. 1994లో 450 రూపాయలకు మొదలైన పాట 2025లో 35 లక్షలకు చేరింది. అక్కడ ఎంత ఎక్కువ పాడితే అంత గౌరవం, ఊరేగింపు. ఇక చీటీ పాటది అడ్డం తిరిగిన లెక్క. ఎక్కువ నష్టానికి ఒప్పుకున్నవాడే పాట దక్కించుకుంటాడు కాబట్టి, ఆ నెల ఎవరికి ఎంత కష్టం వచ్చిందో పాటను బట్టే చెప్పేయవచ్చు. కూతురు పెళ్లి పెట్టుకున్నావిడ గొంతు చీటీ పాటలో వేరేగా వినిపిస్తుంది.

బ్యాంకు పాటలో గొంతే ఉండదు. అంతా కంప్యూటర్లోనే. ప్రభుత్వరంగ బ్యాంకుల వేలాలన్నిటికీ కలిపి 2025 మొదట్లో బ్యాంక్‌నెట్ అని ఒక పోర్టల్ తెచ్చారు. అందులో పేరు నమోదు చేసుకుని, పాన్, ఆధార్ ఇచ్చి, ధరావతు కట్టి, చెప్పిన రోజున చెప్పిన గంటకు కూర్చుని మీట నొక్కడమే.

నొక్కే ముందు తెలుసుకోవాల్సింది చాలా ఉంది. ఓ లాయరుగారి దగ్గరికి వెళ్లాను. ప్రకటన చేతికిస్తే ఆయన ధర చూడలేదు, చిరునామా చూడలేదు. “ఫిజికల్ పొజెషనా, సింబాలిక్ పొజెషనా?” అన్నారు. ఆవగింజల మధ్య వెతికితే దొరికింది, సింబాలిక్. అంటే బ్యాంకువాళ్లు తలుపుకు ఓ కాగితం అతికించి ఇల్లు స్వాధీనమైందన్నారు. తలుపు వెనక మాత్రం ఆ ఇంటివాళ్లే ఉన్నారు, వంట చేసుకుంటున్నారు, టీవీ చూసుకుంటున్నారు.

ఆయన చెప్పినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. సర్ఫేసీ అని 2002లో వచ్చిన చట్టం. కిస్తీ తొంభై రోజులు దాటి ఆగిపోతే అప్పు మొండిబాకీ లెక్కలోకి వెళ్తుంది. అప్పుడు బ్యాంకు అరవై రోజుల నోటీసిస్తుంది. కట్టకపోతే కోర్టుకెక్కే పని లేకుండానే ఆస్తిని స్వాధీనం చేసుకుని అమ్ముకోవచ్చు. మనుషుల్ని బయటికి పంపాలంటే మాత్రం పద్నాలుగో సెక్షన్ కింద చీఫ్ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేటో, జిల్లా మేజిస్ట్రేటో ఉత్తర్వు ఇవ్వాలి. రుణదారుకు అన్యాయం జరిగిందనిపిస్తే నలభై అయిదు రోజుల్లో రుణ వసూళ్ల ట్రిబ్యునల్ డీఆర్టీకి వెళ్లవచ్చు. సాగుభూమి ఈ చట్టం పరిధిలోకి రాదు. అంటే తాతగారి చేనును ఈ దారిలో ఎవరూ పాడుకోలేరు. హద్దుల్లో ఆకాశమున్న ఇంటికే ఈ గతి.

ప్రకటన అడుగున ఒక షరతు ఉంటుంది. ఎక్కడ ఉన్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే, ఏది ఉంటే అదే, అన్న పద్ధతిన అమ్మకం. గోడ బీటలిచ్చినా, పన్ను బాకీ ఉన్నా, లోపల మనుషులున్నా బ్యాంకుకు పూచీ లేదు. ఇది చదివి వినిపిస్తే మా ఆవిడ కూర తరుగుతూ, “మా నాన్న నన్నిచ్చింది కూడా ఈ షరతు మీదేగా” అంది. తను అన్నది తన సంగతో, నా సంగతో నేను విడమర్చి అడగలేదు.

కాగితాల పని నాకు నచ్చింది, ఒప్పుకోవాలి. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దే చేతికి తప్పులు వెతకడం అలవాటే కదా. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ తీశాం. 2010లో బిల్డరు దగ్గర కొన్నది, తర్వాత బ్యాంకులో దస్తావేజులు తాకట్టు పెట్టింది, అంతకుమించి లేదు. లింకు డాక్యుమెంట్లు వెనక్కి లాగి చూశాం. రిజిస్ట్రేషన్ శాఖవారి నిషేధిత ఆస్తుల జాబితాలో ఆ సర్వే నంబరు లేదు. దగ్గర్లో చెరువుందా, నిండితే నీళ్లు ఎంతవరకు వస్తాయో చెప్పే ఎఫ్‌టీఎల్ గీత ఎంత దూరంలో ఉందో మ్యాపులో చూశాం. చెరువుల్లో కట్టిన ఇళ్లు కూల్చే హైడ్రా వచ్చాక హైదరాబాదులో ఇల్లు కొనేవాడు వాస్తుకంటే ముందు చెరువును చూసుకుంటున్నాడు. మంజూరైన ప్లానులో స్టిల్టు, పైన మూడంతస్తులు ఉన్నాయి. భవనానికి మాత్రం నాలుగున్నాయి. మనది మూడోది కాబట్టి బతికిపోయాం అనుకున్నాను. మనది! ధరావతు కూడా కట్టకముందే నోటినుంచి ఆ మాట వచ్చేసింది. నాలుగో అంతస్తువాళ్లకు తమ ఇల్లు కాగితం మీద లేదని తెలుసో లేదో.

తర్వాత డబ్బు. డైరీలో ఎడమపేజీ నిండా అంకెలే. రిజర్వు ధర 46,80,000. ధరావతు అందులో పదోవంతు, 4,68,000, పాటకు ముందే కట్టాలి. దీన్ని అందరూ ఈఎండీ అంటారు. పాట దక్కితే ఆ రోజో, మర్నాటి పనిదినంలోపో పాడిన ధరలో నాలుగోవంతు పూర్తిచేయాలి. అమ్మకం ఖాయమైన పదిహేనో రోజుకు మిగతాదంతా. గడువు పెంచమని అడగవచ్చు, ఎంత పెంచినా మొత్తం మూడు నెలలు మించదు. కట్టలేకపోతే కట్టిన నాలుగోవంతూ పోతుంది. అలా పోవడం సబబేనని 2024లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇంటి అప్పు అయితే పదిహేను రోజుల్లో రాదు, అందులోనూ మనుషులు ఖాళీచేయని ఇంటి మీద ఇవ్వడానికి బ్యాంకులు జంకుతాయి. ఇంకో బ్యాంకు అమ్ముతున్న ఇంటిని నమ్మడానికి ఈ బ్యాంకు ఎందుకు జంకాలో అడగకూడదు.

రిజిస్ట్రేషనుకు తెలంగాణలో ఏడున్నర శాతం. ధర 50 లక్షలు తాకితే ఒక శాతం మినహాయించి ఆదాయపు పన్ను శాఖకు జమచేయాలి. పాత కరెంటు బకాయి కొత్త ఓనరు మెడకు చుట్టుకోవచ్చని 2023లో సుప్రీంకోర్టు తీర్పుంది కాబట్టి మీటరు నంబరు రాసుకుని బకాయి చూసుకోవాలి. సొసైటీ మెయింటెనెన్సు బాకీ వేరు. అన్నీ కూడి, ప్రావిడెంటు ఫండులోంచి ఎంత తీయవచ్చో చూసి, మా ఆవిడ గాజులు లెక్కలో వేసి తీసేసి మళ్లీ వేసి, చివరికి ఒక అంకె దగ్గర ఆగాం. 53 లక్షలు. అది దాటితే మీట ముట్టుకోకూడదు. ఆ అంకె కింద ఇద్దరం సంతకాలు కూడా చేశాం. నా పౌరుషం సంగతి, మా చుట్టాల చరిత్ర ఆవిడకు తెలుసు.

ఎక్కడ ఆపాలో ముందే రాసుకోవడం మా ఇంటి తెలివి ఏమీ కాదు. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో చమురు బావులు పాడుకున్న కంపెనీల గతి చూసి ముగ్గురు ఇంజనీర్లు 1971లో ఒక వ్యాసం రాశారు. పాటలో గెలిచేది ఎప్పుడూ ఆ వస్తువు విలువను అందరికంటే ఎక్కువగా ఊహించుకున్నవాడే, కాబట్టి గెలుపే ఒక శాపమని దాని సారాంశం. చింతచెట్ల పాటలో మా పెదనాన్న ఈ సంగతి అంతకు ముందే కనిపెట్టాడు గానీ, వ్యాసం రాయలేదు.

కాగితాలూ డబ్బూ అయ్యాక ఇల్లు చూడాలి. ప్రకటనలో ఇచ్చిన రోజున బ్యాంకు తరఫున ఓ కుర్రాడొచ్చాడు. బైకు దిగకుండానే, “అదే సార్, పైన నీలం గ్రిల్లు” అని వేలెత్తి చూపించాడు. “లోపలికి కుదరదు సార్” అన్నాడు. చూడటానికొచ్చిన నలుగురం రోడ్డు మీద నిలబడి నీలం గ్రిల్లు వైపు తలలెత్తి చూశాం. గ్రిల్లు వెనక ఆరేసిన దుప్పటి ఒకటి లోపలికి వెళ్లిపోయింది.

ఆదివారం మేమిద్దరమే మళ్లీ వెళ్లాం. వాచ్‌మన్ భార్య దగ్గర పది నిమిషాలు కూర్చుంటే లాయరు ఫీజుకు అందని సమాచారమంతా వచ్చింది. ఎండాకాలం రోజు విడిచి రోజు ట్యాంకరు. లిఫ్టు పాడైతే నెల. 303వాళ్లు పద్నాలుగు నెలలుగా మెయింటెనెన్సు కట్టలేదు, అయినా ఎవరూ గట్టిగా అడగరు, ఎందుకంటే కట్టిన రోజుల్లో అందరికంటే ముందు కట్టేవాళ్లు. రెండు నెలల క్రితం కింది అంతస్తులో ఇలాంటిదే 58కి పోయింది. మా ఆవిడ నావైపు చూసింది. 46.80కి, 58కి మధ్య ఎంత తేడా ఉందో చెప్పడానికి ఆవిడకు డైరీ అక్కర్లేదు.

పైకి వెళ్లాం. గడపకు పసుపు రాసి ఉంది, ఆ పొద్దుటిదే. తలుపుకు నోటీసు ఉండాల్సిన చోట క్యాలెండరు వేలాడుతోంది. దాని కింద అంచునుంచి నీలం సీలు సగం కనిపిస్తోంది. బెల్లు కొట్టాలా వద్దా అని తర్జనభర్జన పడుతుంటే తలుపే తెరుచుకుంది. నలభై అయిదేళ్లావిడ, మెడలో టేపు.

“పాటకొచ్చారా?” అంది.

లేదనడానికి నోరు రాలేదు. అవుననడానికీ రాలేదు. మా ఆవిడ ఏదో గొణిగింది.

“రండి, ఎండన పడి వచ్చారు. చెప్పులు ఉంచుకోండి, పర్లేదు.”

విప్పే వెళ్లాం. హాల్లో కుట్టుమిషను, చీరల గుట్ట. ఫాల్స్, పీకో కుట్టబడును అని అట్టముక్క మీద స్కెచ్చు పెన్నుతో రాసి ఉంది. తాగడానికి మంచినీళ్లిచ్చింది. వాళ్లాయన క్యాటరింగ్ చేసేవాడట. వ్యాపారం పెంచుదామని ఇల్లు పెట్టి అప్పు తెచ్చారు. 2020 వేసవి ముహూర్తాలన్నీ లాక్‌డౌన్‌లో కొట్టుకుపోయాయి. తీసుకున్న అడ్వాన్సులు తిరిగివ్వాల్సి వచ్చింది. అక్కడ జారిన కాలు మళ్లీ నిలదొక్కుకోలేదు. ఇప్పుడాయన వేరేవాళ్ల దగ్గర వంటకు వెళ్తున్నాడు. బాల్కనీలో, ఆ ఉత్తరపు ఆకాశానికి ఎదురుగా, గుండిగలు ఒకదాంట్లో ఒకటి బోర్లించి ఉన్నాయి. ఒక్కోదాని అంచున పేరు, సంవత్సరం కొట్టించారు. కింది గుండిగ మీద 2011 అని చదవగలిగాను.

నేను గోడలవంక చూస్తున్నానని గమనించింది. “పిల్లల గది చూడండి” అని లోపలికి తీసికెళ్లింది. మంచం కాస్త జరిపి చూపించింది. గోడ కింద మోకాలెత్తున పెచ్చులూడి, లోపల తడి నల్లగా ఉంది.

“పైవాళ్ల బాత్రూం కారుతుందండీ. వానాకాలం ఇంకా ఎక్కువ. తీసుకుంటే ముందు ఇది చేయించుకోండి. చెప్పలేదని తర్వాత మమ్మల్ని అనుకుంటారు.”

ఎలా ఉన్నది అలాగే అని బ్యాంకు చేతులు దులుపుకున్న చోట ఆవిడ మంచం జరిపింది. నేను ఆ రోజు చూసినవాటిలో నాకు ఇప్పటికీ కళ్లముందు నిలిచేది ఆ మంచం కోళ్లు నేలమీద గీసిన గీతే.

వచ్చేస్తుంటే అడిగింది. “పాట రోజు లోపల సర్దితే ఆపేస్తారు కదండీ? మా తమ్ముడు ఊళ్లో స్థలం బేరం పెట్టాడు.”

లాయరుగారు చెప్పింది నాకు గుర్తుంది. పూర్వం అమ్మకం పూర్తయ్యేలోపు ఎప్పుడు కట్టినా ఇల్లు విడిపించుకునే హక్కుండేది. 2016 సవరణ తర్వాత వేలం ప్రకటన పడేవరకే ఆ హక్కని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ప్రకటన నా జేబులో ఉన్న డైరీలోనే ఉంది. “కనుక్కోండమ్మా, ఎవరైనా లాయర్ని అడగండి” అన్నాను. డీఆర్టీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అది చెబితే నా పాటకు నేనే అడ్డం పడినట్టవుతుందన్న లెక్క ఆ క్షణంలో నాలో జరగలేదని చెబితే అబద్ధం.

చిన్నప్పుడు మా ఊళ్లో సత్యహరిశ్చంద్ర నాటకం వేస్తే తెల్లారేదాకా చూసేవాళ్లం. బలిజేపల్లి లక్ష్మీకాంత కవిగారి నాటకం. కాటి సీనుకు జనం ఎలాగూ ఏడుస్తారు గానీ, మా అమ్మ ఏడ్చేది వారణాసి సీనుకు. అప్పు గడువు ముంచుకొస్తోంది, నక్షత్రకుడు వెంట ఉన్నాడు, హరిశ్చంద్రుడు నడివీధిలో నిలబడి చంద్రమతిని అమ్మకానికి పెడతాడు. వదలకుండా వెంటపడేవాణ్ని మనం ఇప్పటికీ నక్షత్రకుడనే అంటాం, ఈమధ్య రికవరీ ఏజెంటని కూడా అంటున్నాం. హరిశ్చంద్రుడి పేరు పిల్లలకు పెట్టుకుంటాం, చంద్రమతి పేరూ పెట్టుకుంటాం. ఆ వీధిలో డబ్బు లెక్కపెట్టి కొనుక్కుపోయినవాడు కాలకౌశికుడు. ఏ తెలుగింట్లోనూ ఉయ్యాల్లో ఆ పేరు నేను వినలేదు. బస్సులో ఇంటికొస్తుంటే అదే గుర్తొచ్చింది. నేను ఇన్నాళ్లుగా సిద్ధపడుతున్నది ఏ వేషానికి?

అలాగని బ్యాంకును తిట్టే అర్హత నాకు లేదు. నా ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఏటా వడ్డీ వస్తోందంటే, ఎక్కడో ఎవరో కిస్తీలు కడుతున్నారు కాబట్టే. అప్పు తీసుకుని కట్టనవసరం లేదనుకుంటే రేపు నాబోటివాడికి ఎవరూ అప్పివ్వరు. వేలం లేకుండా అప్పు లేదు, అప్పు లేకుండా ఈ ఊళ్లో మాస్టారుకు ఇల్లు లేదు. ఇదంతా నాకు తెలుసు, తరగతిలో చెప్పగలను కూడా.

ఆ రాత్రి నిద్రపట్టక డైరీ తీశాను. కుడిపేజీ ఖాళీగా ఉంది. ప్రకటనలో బాకీ 36 లక్షల చిల్లర, అది నోటీసు నాటిది. తదుపరి వడ్డీ కలిపితే ఇవాళ్టికి దగ్గరదగ్గర 41 అవుతుంది. బ్యాంకుకు రావలసింది అంతే. అమ్మకంలో బాకీ, ఖర్చులు పోగా మిగిలింది రుణదారుకే తిరిగివ్వాలని చట్టంలోనే ఉంది. ఇల్లు 58కి పోతే ఆ ఇంటావిడకు పదిహేడు లక్షలదాకా మిగులుతుంది, పిల్లల చదువుకో, ఓ చిన్న హోటలుకో. నేను 47కి పాడుకుంటే ఆరు. బ్యాంకుకు రెండు లెక్కల్లోనూ ఒకటే.

ఇన్ని రోజులూ నేను బ్యాంకుతో బేరమాడుతున్నాననుకున్నాను. స్టాఫ్‌రూములో విన్న ‘పదిలక్షలు తక్కువ’ బ్యాంకు జేబులోంచి వస్తుందనుకున్నాను. అది ఆ కుట్టుమిషను సొరుగులోంచి వస్తుంది. నేను మిగుల్చుకునే ప్రతి లక్షా ఆవిడకు దక్కకుండా పోయే లక్ష. బాకీ ఇంటి ధరకంటే ఎక్కువైతే మాత్రం మారేదేముంది, తక్కువ పడినదాన్ని మళ్లీ రుణదారు నెత్తినే రాస్తారు. ఈ సంగతి ఏ ప్రకటనలోనూ ఆవగింజ అక్షరాల్లో కూడా ఉండదు, చవకగా ఇల్లు కొనడమెలాగో చెప్పే పెద్దమనుషులెవరూ చెప్పరు. నేను చెబుతున్నానంటే మంచివాణ్నని కాదు. లెక్క కుడిపేజీలో వేసి చూశాను, అంతే.

మర్నాడు మా ఆవిడకు చూపించాను. చాలాసేపు చూసి, “అయితే ఏం చేద్దాం, 58కి పాడదామా?” అంది. అంత లేదు. “మానేద్దామా?” అంది. మేం మానేస్తే ఇంకొకరు 47కే పాడుకుంటారు, మేం ఉంటే కనీసం 53దాకా లాక్కొస్తాం, అది 303 ఆవిడకే మంచిది, అన్నాను. వాదన బాగానే ఉంది. పరీక్ష పేపర్లో ఎవరైనా పిల్లవాడు రాస్తే మార్కులు వేసేవాణ్ని. కానీ మా ఆవిడ నా ముఖం చూసి, “మీరు ఒక్కరే పాటగాడైతే?” అంది. అప్పుడు రిజర్వు ధర మీద పాతికవేలు వేసి మీట నొక్కుతానా, 53 నొక్కుతానా? ఈ ప్రశ్నకు జవాబు నేనివ్వలేదు. ఇంకెవరైనా కూడా పాడితే బావుండునని మాత్రం మొదటిసారి అనుకున్నాను.

ధరావతు కట్టేశాం. పాట శుక్రవారం పదకొండు గంటలకు. చివరి నిమిషాల్లో ఎవరైనా పాడితే గడువు దానంతటదే మరో అయిదు నిమిషాలు సాగుతుంది. మూడోసారి అనే మనిషి లేని లోటు అలా తీర్చారు. మంగళవారం మా ఆవిడ రెండు చీరలు సంచిలో పెట్టుకుని బయల్దేరింది.

“ఎక్కడికి?”

“ఫాల్ కుట్టించాలి.”

మా వీధిలోనే ఇద్దరున్నారు కుట్టేవాళ్లు. ఆటోకు పోనూరానూ నాలుగొందలు పెట్టి మల్కాజిగిరి వెళ్లింది. రెండు గంటలు అక్కడే ఉందట. ఏం మాట్లాడుకున్నారో నేనడగలేదు, తనూ చెప్పలేదు. లాయరుగారి విజిటింగ్ కార్డు టేబుల్ సొరుగులో ఉండేది. బుధవారం ఏదో పనికి వెతికితే కనపడలేదు.

శుక్రవారం పదిన్నరకే కంప్యూటర్ ముందు కూర్చున్నాం. సంతకాలు పెట్టిన కాగితం మధ్యలో పెట్టుకున్నాం. పదకొండుకు అయిదు నిమిషాలుందనగా 303 ఎదురుగా ఎర్రక్షరాల్లో వచ్చింది, వేలం ఉపసంహరించబడినది. బ్యాంకుకు ఫోను చేస్తే డీఆర్టీ నుంచి స్టే వచ్చిందన్నారు. మా ఆవిడ “హమ్మయ్య” అని, ఆ వెంటనే లాయరు ఫీజు, ఈసీ, ప్లాను కాపీ, ఆటోలు అన్నీ కలిపి ఎంతైందో లెక్క కట్టడం మొదలెట్టింది. 9,340.

స్టే అంటే తీరిపోవడం కాదు, కొన్ని నెలల ఊపిరి. తమ్ముడి స్థలం బేరం ఏమైందో తెలియదు. ఆ ఇల్లు మళ్లీ ప్రకటనలోకి వస్తే వస్తుంది. మేమింకా అద్దెకే ఉంటున్నాం, అటకమీది సామాను విప్పలేదు, శనివారాలు ఆ గళ్ల పేజీ చూడటం మానలేదు. ఇప్పుడు బాకీ గడినీ రిజర్వు ధర గడినీ పక్కపక్కన పెట్టి చదువుతున్నాను.

ఆరో రోజున ధరావతు 4,68,000 మా ఖాతాలోకి తిరిగొచ్చింది. వడ్డీ లేదు. చీరలు అంతకు రెండ్రోజుల ముందే వచ్చాయి. ఫాల్ కుట్టినందుకు ఒక్కోదానికి వంద రూపాయలు తీసుకుంది.